నిమ్మకాయ తర్వాత ఒక మిరపకాయ

ఆ గురువారం పొద్దున ఆర్షియా టీచర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి ప్రొద్దుటూరులో బస్సెక్కాలి, తొమ్మిదిలోపల జొన్నరాళ్లపల్లెలో దిగాలి, పదింటికి వచ్చే అధికారి ముందు అయిదో తరగతి పిల్లల చేత కామాల పాఠం చెప్పించాలి, మధ్యాహ్నం అందరితో కలిసి పప్పన్నం తినాలి. అంతే. ఇందులో దయ్యాల ఊసు ఎక్కడా లేదు.

ఆ అధికారి రావడం మాత్రం చిన్న సంగతి కాదు. జొన్నరాళ్లపల్లె బడిలో మూడు, నాలుగు, అయిదు తరగతులు కలిపి ఇరవై ఇద్దరు పిల్లలు. తనిఖీ రోజున తలలు లెక్కపెట్టినప్పుడు ఇరవైకి తగ్గితే ఆ మూడు తరగతులనూ ఎత్తి పెద్ద రోడ్డు అవతలి బడిలో కలిపేస్తామని పైనుంచి కబురు. లారీలు దడదడలాడే ఆ రోడ్డు దాటించి ఆడపిల్లలను పంపడానికి ఊళ్లో సగంమంది ఒప్పుకోరు. "బడి మాన్పించి మేకల ఎంబడి పంపిస్తాం" అని మొహం మీదే చెప్పారు. అట్లా ఆగిపోయే పిల్లలు ఎవరెవరో ఆర్షియాకు పేర్లతో సహా తెలుసు. తొమ్మిది మంది. వారం నుంచి ఆ పేర్లు ఆమెకు నిద్ర పట్టనివ్వడం లేదు.

ఆర్షియా గురించి ఇక్కడే ఒక మాట చెప్పేస్తాను, మళ్లీ మరిచిపోతాను. బదిలీ మీద వచ్చిన టీచర్లు చాలామంది ఆ బడిని బస్టాపులా చూశారు. ఈమె మాత్రం వచ్చిన మూడో రోజుకే ఏ పిల్లకు కన్ను సరిగా ఆనదో, ఏ పిల్లవాడు పొద్దున తినకుండా వస్తాడో చెప్పేసింది. పాఠం పిల్లల బుర్రకు ఎక్కకపోతే తప్పు బుర్రది కాదు, పాఠానిది అనుకునే మనిషి. ఇట్లాంటివాళ్లు జిల్లాకు పదిమంది ఉంటే నేను ఈ కథలు రాయడం మానేసి వాళ్లకు దండాలు పెట్టుకుంటూ తిరుగుతాను.

అయిదో తరగతిలో ఆరుగురు పిల్లలు. ఆరుగురికీ అక్షరాలు వచ్చు, మాటలు వచ్చు, ఆగడం రాదు. "మా ఇంట్లో ఎవరెవరు ఉంటారు" అని రాయమంటే నాగవేణి అనే పిల్ల "అమ్మ నాయన అవ్వ ఎర్రావు చిన్నాయన పొట్టేలు" అని ఒకే ఊపిరిలో రాసి, ఒకే ఊపిరిలో చదివి, చివరకు వచ్చేసరికి గోడ పట్టుకుని నిలబడింది. ఇంట్లో మనుషులెవరో, పశువులెవరో విన్నవాళ్లకు అర్థం కాలేదు. బోర్డు మీద కామా గీసి చూపిస్తే పిల్లలు దాన్ని మాట చివర తోకలా అతికించారే గానీ, అక్కడ ఆగాలన్న సంగతి పట్టించుకోలేదు.

దాంతో ఆర్షియా బుధవారం కొత్త ఎత్తు వేసింది. ఇంటి నుంచి తలా ఒక వస్తువు తెమ్మంది. పిల్లలు చేతికి దొరికింది తెచ్చారు. వంకాయ, నిమ్మకాయ, కోడిగుడ్డు, నల్ల రిబ్బను, దువ్వెన, చేయి విరిగిన బొమ్మ. వాటిని నల్ల బండలు పరిచిన వరండాలో వరసగా పెట్టించింది. ఒక్కో వస్తువు తర్వాత ఒక్కో ఎండుమిరపకాయ. ఎండుమిరపకాయను చూడండి, తల లావుగా, తోక వంకరగా, దేవుడు కామా గీయబోయి మిరపకాయ చేశాడేమో అనిపిస్తుంది. చివరి వస్తువు తర్వాత మాత్రం ఫుల్‌స్టాప్‌కు ఒక నల్లటి గుండ్రాయి. వాక్యం ఇక్కడ మొదలై ఇక్కడ ముగుస్తుందని తెలియడానికి చుట్టూ సుద్దముక్కతో ఒక గడి. మిరపకాయ వచ్చిన చోటల్లా ఆగాలి, చిటికెన వేలు వంచి చూపాలి, ఊపిరి తీసుకోవాలి, ముందుకు పోవాలి. పిలుపు తర్వాత కూడా అంతే. "అమ్మా" అని వేలు వంచు, అప్పుడు "అన్నం పెట్టు" అను.

పిల్లలకు పండగైంది. సాయంత్రం దాకా వేళ్లు వంచుతూనే ఉన్నారు. రేపు అధికారికి చూపించాలి కదా అని ఆర్షియా ఆ వరసను కదిలించకుండా అట్లాగే ఉంచి, వరండా కటకటాలకు తాళం వేసి బస్సెక్కింది. హెడ్‌మాస్టర్ చంద్రమోహన్ ఆ రోజు మీటింగు పేరుతో జమ్మలమడుగు వెళ్లాడు. వంట మనిషి మధ్యాహ్నం గిన్నెలు కడిగి ఇంటికి వెళ్లాకే ఈ వరస పరిచారు. కాబట్టి ఈ సంగతి పెద్దవాళ్లలో ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు.

గురువారం ఏడింటికి నాగవేణి ఇంట్లో సద్దికి కూర్చుంది. వాళ్ల అవ్వ రామసుబ్బమ్మ బడిలో మధ్యాహ్న భోజనం వండే మనిషి. బడి తాళంచెవి ఒకటి ఆమె కొంగుకే ఉంటుంది. మాట కరుకు, చేయి పెద్దది, దయ్యాలంటే మాత్రం చచ్చేంత భయం.

"అవ్వా" అంది నాగవేణి. అని ఆగింది. చిటికెన వేలు వంకరగా పైకి లేచింది. గట్టిగా ఊపిరి పీల్చింది. "నాకు సంగటి" అంది. మళ్లీ ఆగింది. మళ్లీ వేలు. "ఊరిబిండి" అంది. మళ్లీ వేలు. "మజ్జిగ కావాల."

రామసుబ్బమ్మ చేతిలో గరిటె జారింది. "ఏందిమే అట్లా ఆగి ఆగి మాట్లాడతాండావు? వేలికేమైంది?"

"ఏం కాలేదు" అంది పిల్ల. వేలు వంచి, ఊపిరి పీల్చి, "అవ్వా" అంది.

పక్కింటి పిల్లా అంతే చేస్తోందని, ఎదురింటి పిల్లవాడు తెల్లారుజామున వేపపుల్ల అడగడానికి మూడుసార్లు వేలు వంచాడని అయిదు నిమిషాల్లో తేలింది. ఇది దయ్యం పనేనని రామసుబ్బమ్మకు అనుమానం తగిలింది. బడి తుడిచి పొయ్యి ముట్టించాలి కాబట్టి తాళంచెవి పట్టుకుని అట్లాగే వెళ్లింది. కటకటాల లోపలికి తొంగిచూసింది.

నల్లబండ మీద తెల్లని గడి. గడిలో నిమ్మకాయ, ఎండుమిరపకాయలు, కోడిగుడ్డు, నల్ల రిబ్బను, వెంట్రుకలు చుట్టుకున్న దువ్వెన, చేయి లేని బొమ్మ, నల్లరాయి. నాకు తెలిసి చేతబడికి కావాల్సినవాటిలో అక్కడ తక్కువైంది ఏమీ లేదు. వంకాయ ఒక్కటే ఎందుకుందో రామసుబ్బమ్మకు అర్థం కాలేదు. అర్థం కాకపోవడం వల్ల ఆమెకు ఇంకా భయం వేసింది.

"ఓయమ్మో! ఎవురో మన పిల్లోల్ల మీద చేసినార్రో!" అని ఆమె వేసిన కేకకు పెన్న అవతల మేస్తున్న గొర్రెలు కూడా తలలెత్తి ఉంటాయి.

అరగంటలో ఊరంతా బడి ముందుంది. పిల్లలు నిజం చెప్పడానికి ప్రయత్నించకపోలేదు. చెప్పిన తీరే కొంప ముంచింది. సుహానా అనే పిల్ల ముందుకొచ్చి రామసుబ్బమ్మతో, "అవ్వా" అని వేలు వంచింది. "అది దయ్యం కాదు" అని వేలు వంచింది. "అది మా పాఠం" అనేలోపల వాళ్లమ్మ హజరాబీ ఆమెను లాగి కొంగు కింద దాచేసుకుంది. "యా అల్లా! నా బిడ్డకు గూడా వచ్చేసింది!"

"ఈ పొద్దు ఏ పిల్లోనికీ బడి లేదు" అని ఊరి పెద్దమనిషి తేల్చేశాడు. "చక్రాయపేట ఓబులేసుకు ఫోన్ చేయండి. ఆయనొచ్చి తీసేంతవరకూ ఎవురూ ఆ గడప తొక్కగూడదు."

చేతబడులు తీసే ఓబులేసు పేరు తెలియనివాళ్లు పులివెందుల దాకా లేరు. అతని ముఖం తెలిసినవాళ్లు మాత్రం జొన్నరాళ్లపల్లెలో ఒక్కరూ లేరు. "గడ్డముంటాది, బుజాన సంచి ఉంటాది, బయలుదేరినా" అని అతను ఫోన్లో గుర్తులు చెప్పాడు.

తొమ్మిదిన్నరకు ఆటోలో ఒక మనిషి దిగాడు. గడ్డముంది. భుజాన సంచి ఉంది. పేరు జమాల్. ఆ మండలానికి కొత్తగా వచ్చిన విద్యాధికారి. ఆటో డబ్బు కూడా ఇవ్వనివ్వకుండా నలుగురు ఆయన్ను చుట్టుముట్టారు. రామసుబ్బమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి కాళ్లు కడిగింది. ముప్పై రెండేళ్ల సర్వీసులో ఎన్ని బళ్లు తిరిగినా ఇంత మర్యాద జరగని జమాల్ సార్‌కు కళ్లు చెమ్మగిల్లాయి.

ఆయన్ను తీసుకుపోయి వరండాలో గడి ముందు పీట మీద కూర్చోబెట్టారు.

"ఏంటిది?" అన్నాడాయన.

"అది మీరే చెప్పాల, సామీ" అంది రామసుబ్బమ్మ.

"నేను హాజరు చూడ్డానికి వచ్చినానమ్మా. పిల్లలందరూ ఏరీ?"

జనంలో గుసగుస లేచింది. "విన్యారా? ఎన్ని దయ్యాలొచ్చినాయో హాజరు తీసుకుంటాడంట! శానా పెద్ద మనిషప్పా!"

ఇదిట్లా ఉండగా, ముందరి గోలంతా తనిఖీ సందడే అనుకున్న చంద్రమోహన్ వెనక గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. అధికారులు మనల్ని పట్టుకోవడానికి ఎప్పుడూ వెనక నుంచే వస్తారని ఆయన ఇరవయ్యేళ్ల అనుభవం. అక్కడ మోటారు సైకిల్ దిగిన మనిషికీ గడ్డముంది, సంచి ఉంది. చంద్రమోహన్ ఆయన్ను ఆఫీసు గదిలో కూర్చోబెట్టి, టీ ఇచ్చి, హాజరు పట్టీలు ముందు పెట్టాడు. ఓబులేసు పట్టీని తెరవకుండానే దాని మీద అరచేయి పెట్టి కళ్లు మూసుకున్నాడు.

"మూడు మీద నీడ పడినాది" అన్నాడు.

"సార్, మూడో తరగతే పోతుందా సార్?" అన్నాడు చంద్రమోహన్.

"నాలుగు గూడా నిలబడదు."

"అయిదు? అయిదన్నా ఉంచండి సార్. ఆ టీచరమ్మ శానా కష్టపడింది."

"అయిదులోనే ఉండాది అసలు కత" అన్నాడు ఓబులేసు. చంద్రమోహన్ తల పట్టుకుని బెంచీ మీద కూలబడ్డాడు.

ఆర్షియా ఎక్కిన బస్సుకు జమ్మలమడుగు రోడ్డు మీద గొర్రెల మంద అడ్డం పడింది. తొమ్మిదింటికి దిగాల్సిన మనిషి పది కావస్తుండగా దిగింది. దిగేసరికి బడి ముందు జాతర. పిల్లలందరూ బయట, తల్లుల కొంగుల్లో. లోపల పీట మీద గడ్డం మనిషి, ఆయన ముందు తన వాక్యం. రామసుబ్బమ్మ పరుగున వచ్చి జరిగిందంతా ఒక్క ఊపిరిలో చెప్పింది. కామాలు లేకపోయినా ఆర్షియాకు అంతా అర్థమైంది.

"అత్తా, అది పెట్టింది నేనే!" అంది ఆమె.

నిజం చెబితే గొడవ ఆగుతుందని పాపం ఆమె అనుకుంది. ఆ మాటతో జనం రెండడుగులు వెనక్కి వేశారు.

"టీచరే చేసిందంట!"

"నోటితోనే ఒప్పుకుంటాంది!"

"చదువుకున్నోల్లు చేస్తే తీయడం శానా కష్టం!"

ఒకాయన కొడుకు చేయి పట్టుకుని ఇంటి దారి పట్టాడు. ఇంకొకామె ఇద్దరు కూతుళ్లను లాక్కుని కదిలింది. ఆర్షియా కళ్ల ముందే ఇరవై రెండు కాస్తా పంతొమ్మిదైంది. ఆమెకు ఏడుపు వచ్చింది. దాచుకోలేదు, చున్నీతో తుడుచుకుంది. వాదించి లాభం లేదు. భయపడ్డవాళ్లతో వాదిస్తే గెలిచినవాళ్లు లేరు. అప్పుడు ఆమె చేసిన పనికి నేను ఇప్పటికీ లేచి నిలబడి దండం పెడతాను. ఆమె పాఠం మొదలుపెట్టింది.

"రామసుబ్బమ్మత్తా, ఇట్లా రా. నీకు చదవడం వచ్చునా?"

"నాకా? వేలిముద్ర మనిషిని నేను. ఎగతాళా?"

"ఎగతాళి కాదు. నువ్వు భయపడే ఈ వరసను నువ్వే చదవాల. అక్షరాలు లేవు గదా, వస్తువులే గదా. కనపడింది చెప్పు, చాలు. మిరపకాయ వచ్చిన తావున ఆగి ఊపిరి తీసుకో. నేను నీ చెయ్యి పట్టుకుంటా. ఏమన్నా అయితే నాకే కానీ."

రామసుబ్బమ్మ పీట మీదున్న జమాల్ సార్ వైపు చూసింది. "చదవచ్చునా, సామీ?"

అప్పటికి జమాల్ సార్ ఆ గడిని చాలాసేపటి నుంచి చూస్తున్నాడు. ఆయన ఒకప్పుడు తెలుగు పండితుడు. పెదవుల చివర నవ్వు మొదలైంది. "చదువమ్మా. నేనున్నాను" అన్నాడు.

రామసుబ్బమ్మ వంగింది. జనం ఊపిరి బిగబట్టారు. "వంకాయ" అంది, వణుకుతూ. ఆగింది. ఏమీ కాలేదు. ఊపిరి తీసుకుంది. "నిమ్మకాయ." ఆగింది. "కోడిగుడ్డు." ఈసారి వణుకు కాస్త తగ్గింది. "నల్ల రిబ్బను." ఆగింది. "దువ్వెన." ఆగింది. "బొమ్మ." నల్లరాయి దగ్గరకు వచ్చి ఏం చేయాలో తెలియక తలెత్తింది.

గడప అవతల నుంచి నాగవేణి అరిచింది. "అవ్వా, అది ఫుల్‌స్టాపు! ఆడికి అయిపోయినట్టు!"

"అయిపోయిందా?" అంది రామసుబ్బమ్మ. "అంటే నేను చదివినానా? మొత్తం?"

"మొత్తం చదివినావు అత్తా. ఒక తప్పు లేదు."

రామసుబ్బమ్మకు యాభై ఎనిమిదేళ్లు. ఏళ్ల తరబడి ఆ బడిలో, ఈ బడిలో వంట చేసీ, ఊడ్చీ, ఒక్క వాక్యం కూడా చదవని మనిషి. కొంగు నడుముకు దోపింది. "మళ్లీ సదువుతా, జరగండి" అంది. ఈసారి గొంతెత్తి చదివింది. ప్రతి మిరపకాయ దగ్గరా ఆమె చిటికెన వేలు దానంతటదే వంగింది. ఆ వేలిని ఎవ్వరూ దయ్యం అనలేదు.

ఇక భయం మిగల్లేదు. పిల్లలు కొంగుల్లోంచి జారి గడి చుట్టూ చేరారు. "ఆ గుడ్డు మాది సార్!" "నిమ్మకాయ నేను తెచ్చినా!" "ఆ దువ్వెన మాయమ్మది!"

"ఓసినీ! అది యాడ పోయిందా అని నిన్నట్నించి ఇల్లంతా గాలిస్తాండా గదే!" అంది హజరాబీ. సుహానా నాలుక కరుచుకుంది. ఇంటి దారి పట్టిన ముగ్గురు పిల్లలు తండ్రిచేతిని, తల్లిచేతిని విడిపించుకుని వెనక్కి పరుగెత్తుకొచ్చారు. ఊరి పెద్దమనిషి కూడా తన వంతు చదివి, నిమ్మకాయ దగ్గర ఆగడం మరిచిపోయాడు. పిల్లలు ఆయన్ను మళ్లీ మొదటి నుంచి చదివించారు.

జమాల్ సార్ పీట మీద నుంచి లేచి సంచి విప్పాడు. మంత్రం పుస్తకం తీస్తాడని అందరూ చూశారు. ఆయన తీసింది తనిఖీ ఫారం.

"అమ్మా, నేను దయ్యాలను తీసేవాణ్ణి కాదు. బళ్లను తీసేయడానికి వచ్చేవాణ్ణి" అన్నాడు. "పిల్లలు వరసలో కూర్చుంటే లెక్క పెట్టుకుంటాను."

రామసుబ్బమ్మ నాలుక కరుచుకుని, అంతలోనే తేరుకుంది. "కాల్లు కడిగినా గదా సామీ, లెక్క సరిగ్గా పెట్టు" అంది.

లెక్క పెట్టాడు. ఇరవై నాలుగు వచ్చింది. మళ్లీ పెట్టాడు. ఇరవై నాలుగే. ప్రొద్దుటూరు ప్రైవేటు బడికి పోయే వ్యాను జనాన్ని చూసి అంతకుముందే అక్కడ ఆగి ఉంది. అందులోంచి దిగి చూడవచ్చిన అక్కాతమ్ముళ్లిద్దరు, మూడో తరగతి ఒకరు, అయిదో తరగతి ఒకరు, వరసలో కూర్చుండిపోయారు. వ్యాను హారన్ కొట్టింది. వాళ్లు కదల్లేదు. వాళ్ల నాయన గుంపులోనే ఉన్నాడు. పిల్లల మొహాలు చూశాడు, ఆర్షియా మొహం చూశాడు. "ఈడనే రాయండి సార్ వాళ్ల పేర్లు" అన్నాడు.

ఆర్షియా గోడకు ఆనుకుని రెండు చేతుల్తో మొహం కప్పుకుంది. తొమ్మిది పేర్లూ ఆమె వేళ్ల సందుల్లోంచి కనపడుతున్నాయి. తొమ్మిది మందీ కూర్చుని ఉన్నారు, అందులో ఒకతి పక్క పిల్లను గిల్లుతోంది.

అప్పుడు ఆఫీసు గది తలుపు తెరుచుకుంది. చంద్రమోహన్ పాడె వెంట నడిచే మనిషిలా వచ్చి, "మేడమ్, అంతా అయిపోయింది. సార్ మూడు తరగతులూ నిలబడవన్నారు" అన్నాడు. ఆయన వెనక ఓబులేసు.

ఎవరు ఎవరో తేలడానికి పావుగంట పట్టింది. చంద్రమోహన్‌కు మంచినీళ్లు తాగించాల్సి వచ్చింది. ఓబులేసు గడిని చూసి, రామసుబ్బమ్మ మూడోసారి చదువుతుంటే చివరి వరసలో బాసింపట్టు వేసుకుని విన్నాడు. విని చేయెత్తాడు.

"మేడమ్, నాదొక డౌటు. మా మంత్రాల్లో ఊపిరి యాడ తీసుకోవాల్నో మా నాయన చెప్పకుండానే పోయినాడు. సగం కాడికి ఆయాసమొస్తాది. రెండు మిరపకాయలు యాడన్నా పెట్టియ్యి తల్లీ."

ఆర్షియా నవ్వుతూ సుద్దముక్క తీసుకుంది.

జమాల్ సార్ ఆ మధ్యాహ్నం పిల్లలతో కూర్చుని పప్పన్నం తిని, మూడు తరగతులూ జొన్నరాళ్లపల్లెలోనే కొనసాగాలని, ఇట్లాంటి పాఠం తన సర్వీసులో చూడలేదని ఫారం నిండా రాసి సంతకం పెట్టాడు. వారం తిరగకముందే మండలంలోని బళ్లన్నింటికీ ఆయన పేరుతో ఒక సర్క్యులర్ వచ్చింది: కామాలు నేర్పునపుడు మిరపకాయలు, వంకాయలు, దువ్వెనలు, బొమ్మలు యథేచ్ఛగా వాడవచ్చును, నిమ్మకాయకు మాత్రం గ్రామస్థుల ముందస్తు అనుమతి తప్పనిసరి.